కోడ్‌లో మొదట వెనక్కి రావడం నేర్చుకోండి

జూన్ వచ్చిందంటే మా ఆఫీసులో ఫోన్లు ఆగవు. తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర, రెండో అంతస్తులో నలుగురం కూర్చునే చిన్న ఆఫీసు మాది. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో మామిడి ర్యాంపులకు (కాయ కొనే చోట్లకు), మండీలకు, గుజ్జు ఫ్యాక్టరీలకు కాటా లెక్కల సాఫ్ట్‌వేర్ చేస్తాం. ట్రాక్టరు తోతాపురి లోడుతో కాటా ఎక్కుతుంది, కాయ దించాక ఖాళీగా మళ్లీ ఎక్కుతుంది. రెండు బరువుల తేడాలోంచి తరుగు (బరువులో కోత) తీసేస్తే మిగిలింది రైతు లెక్క. చెప్పడానికి మూడు మాటలే. కోడ్ మాత్రం పద్నాలుగేళ్లలో ఆరుగురి చేతులు మారి నాలుగు వందల పైచిలుకు ఫైళ్లయింది.

పోయిన సీజన్‌లో ఒకరోజు రాత్రి పదకొండున్నరకు ఒక ర్యాంపు నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, తరుగు రెండుసార్లు పడతాండాది. రైతులు రసీదులు చేతిలో పట్టుకోని గేటు కాడే నిలబడుకోనుండారు." ల్యాప్‌టాప్ తెరిచాను. ఎడమ పక్కన ఫోల్డర్లు ఒక్కొక్కటీ విప్పుకుంటూ, మౌస్‌తో కిందికీ పైకీ జరుపుకుంటూ, అనుమానం వచ్చిన ప్రతి ఫైలూ తెరుచుకుంటూ పోయాను. గంటన్నర తర్వాత చూస్తే పైన ఇరవై మూడు ట్యాబులున్నాయి. ఒకే ఫంక్షన్‌ను (ఒక పని చేసే కోడ్ ముక్కను) మూడోసారి చదువుతున్నాను. తప్పు దొరికేసరికి రెండు దాటింది. రసీదులో ఒకసారి తీసిన తరుగును, చెల్లింపు లెక్కలో ఇంకో ఫంక్షన్ మళ్లీ తీస్తోంది. సరిచేయడానికి రెండు లైన్లు సరిపోయాయి. ఆ రెండు లైన్ల కోసం పెద్ద వయసు రైతులు కూడా అంతసేపూ ట్రాక్టర్ల పక్కనే కూర్చున్నారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

మర్నాడు ఆ టైమంతా ఎక్కడ పోయిందో కాగితం మీద రాసుకున్నాను. కోడ్ అర్థం కాక పోయింది తక్కువే. ఒక ఫంక్షన్ చూడ్డానికి వెళ్లి, అక్కణ్ణుంచి ఇంకోదానికి వెళ్లి, అసలు ఎక్కడి నుంచి బయల్దేరానో తడుముకోవడంలో ఎక్కువ పోయింది. అందుకే ఇప్పుడు మా దగ్గర కొత్తగా చేరేవాళ్లకు వెనక్కి వచ్చే కీ మొదట నేర్పుతాను. వెళ్లే కీలు ఆ తర్వాతే.

నేను వాడేది విండోస్ మీద విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటర్, అంటే కోడ్ రాసే ప్రోగ్రామ్. మా కోడ్ ఎక్కువగా పైథాన్ భాషలో, దానితో వెబ్ పేజీలు కట్టే జాంగో మీద ఉంటుంది. కీలు వాటి ప్రకారమే చెబుతున్నాను. వేరే ఎడిటర్ వాడేవాళ్లకు చివర్లో కొంచెం ఉంది.

వెనక్కి వచ్చే దారి

ఆల్ట్ పట్టుకుని ఎడమ బాణం నొక్కండి. కర్సర్ ఇంతకుముందు ఎక్కడుందో అక్కడికి తీసుకెళ్తుంది, అది వేరే ఫైలైనా సరే. మళ్లీ నొక్కితే దానికి ముందు చోటు. ఆల్ట్, కుడి బాణం కలిపితే తిరిగి ముందుకు. లినక్స్‌లో ఇదే పనికి కంట్రోల్+ఆల్ట్+మైనస్, మ్యాక్‌లో కంట్రోల్+మైనస్. ఈ ఒక్కటి వేళ్లకు పట్టేదాకా మిగతావి చదవకపోయినా ఫర్వాలేదు. వెనక్కి రాగలనన్న ధైర్యం ఉంటేనే ఎవరైనా తెలియని ఫంక్షన్‌లోకి దిగి చూస్తారు. లేకపోతే పైపైన చదివి, "ఇది ఇలాగే చేస్తుందిలే" అని ఊహించుకుని పోతారు. మా కోడ్‌లో చాలా తప్పులు ఆ ఊహల వల్లే వచ్చాయి.

దీనికి తోడు ఇంకొకటి ఉంది. చదువుతూ చదువుతూ చాలా దూరం పోయాం, కానీ అంతకుముందు ఒకచోట కోడ్ సగం రాసి వదిలేశాం. కంట్రోల్+కె నొక్కి, వెంటనే కంట్రోల్+క్యూ నొక్కితే చివరగా మార్పు చేసిన చోటికే వెళ్తాం. మధ్యలో యాభై ఫైళ్లు చూసినా సరే.

భోజనానికి లేస్తున్నప్పుడో, ఫోన్ వచ్చి గంటసేపు మాట్లాడాల్సి వచ్చినప్పుడో ఈ రెండూ చాలవు. మనం చూస్తున్న చోటు ఎడిటర్‌కు గుర్తున్నా, ఎందుకు చూస్తున్నామో మనకు గుర్తుండదు. అలా లేచేముందు నేను ఆ లైను మీద ఒక కామెంట్ పెట్టి, మూడు క్యూ అక్షరాలు వరసగా టైపు చేసి, పక్కన ఒక్క ముక్క రాస్తాను: 'ఇక్కడ తరుగు శాతమా, కిలోలా?' మూడు క్యూలు మామూలు కోడ్‌లో ఎక్కడా రావు కాబట్టి తర్వాత వెతికితే నేను పెట్టినవే దొరుకుతాయి. గుడి ముందు చెప్పులు వదిలి టోకెను జేబులో వేసుకున్నట్టే ఇది. మార్పులను గిట్‌లో (కోడ్ చరిత్ర దాచే ప్రోగ్రామ్‌లో) భద్రపరిచేముందు, అంటే కమిట్ చేసేముందు, ఏం మారిందో గిట్ డిఫ్‌లో చూసి వాటిని తీసేయడం మరవకండి.

ట్యాబుల గురించి ఒక్క మాట. ఫైలు మీద ఒకసారి క్లిక్ చేస్తే పేరు వాలు అక్షరాల్లో కనిపిస్తుంది, అంటే అది తాత్కాలికం. తర్వాత తెరిచే ఫైలు దాని చోట్లోకే వస్తుంది. రెండుసార్లు క్లిక్ చేస్తే నిలబడిపోతుంది. చదవడానికి వెళ్లినప్పుడు ఒక్క క్లిక్కే చాలు. నాకు ఆ రాత్రి ఇరవై మూడు ట్యాబులు పేరుకున్నది ఈ సంగతి తెలియకే.

మీకు తెలిసింది ఏమిటి?

వెతకడం మొదలుపెట్టే ముందు, చేతిలో ఏముందో ఒక్క క్షణం ఆలోచించండి. ఫైలు పేరు తెలుసా? ఫంక్షన్ పేరు తెలుసా? లేక స్క్రీన్ మీద కనిపించే మాట ఒక్కటే తెలుసా? ఒక్కోదానికి ఒక్కో దారి.

ఫైలు పేరు తెలిస్తే కంట్రోల్+పి. పేరు పూర్తిగా అక్కర్లేదు, మధ్యలోని అక్షరాలు నాలుగు కొట్టినా వస్తుంది. ఆ పెట్టెలోనే @ గుర్తు కొడితే ఇప్పుడు తెరిచి ఉన్న ఫైల్లోని ఫంక్షన్లు, క్లాసులు వరుసగా కనిపిస్తాయి. # కొట్టి పేరు రాస్తే ప్రాజెక్టు మొత్తంలో ఆ పేరున్న ఫంక్షన్. : కొట్టి అంకె వేస్తే ఆ లైను. ఎర్రర్‌లో 'లైన్ 412' అని ఉంటే మౌస్‌తో కిందికి లాగనక్కర్లేదు, : పక్కన 412 కొట్టి ఎంటర్ నొక్కండి. ఇవన్నీ ఒకే పెట్టెలో ఉండటం వల్ల నాకు ఇది బాగా నచ్చుతుంది. గుర్తుపెట్టుకోవాల్సిన కీ ఒకటే.

మూడోదే అసలు సమస్య. రైతు ఫోన్ చేస్తే ఫంక్షన్ పేరు చెప్పడు. "రసీదులో నికర బరువు కాడ తప్పుండాది" అంటాడు. అప్పుడు మీ చేతిలో ఉన్నది 'నికర బరువు' అనే మాటే. కంట్రోల్+షిఫ్ట్+ఎఫ్ నొక్కి ప్రాజెక్టు మొత్తంలో ఆ మాటనే వెతకండి. కొత్త కోడ్‌లోకి అడుగుపెట్టడానికి ఇంతకంటే మంచి వాకిలి లేదు. ఫోల్డర్ల పేర్లు చూసి ఊహించడం కంటే, వాడేవాళ్ల కంటికి కనిపించే మాట పట్టుకుని లోపలికి వెళ్లడం ఎప్పుడూ దగ్గరి దారి.

తెలుగు మాటలు వెతికేటప్పుడు రెండు చిక్కులున్నాయి. మొదటిది, మా జాంగో ప్రాజెక్టులో తెలుగు మాటలు నేరుగా పేజీలో ఉండవు, అనువాదాల ఫైల్లో ఉంటాయి. 'నికర బరువు' అని వెతికితే ఆ ఫైలే దొరుకుతుంది. అక్కడ ఆగిపోకండి. ఆ లైనుకు పైనే దాని అసలు ఇంగ్లీషు మాట ఉంటుంది, ఇప్పుడు దాన్ని పట్టుకుని మళ్లీ వెతకండి. రెండో అడుగులో పేజీ దొరుకుతుంది.

రెండోది కంటికి కనిపించని చిక్కు. 'గ్రాస్‌వెయిట్' లాంటి మాటలో స్ కింద వ ఒత్తు పడకుండా ఉండాలని టైపు చేసేవాళ్లు మధ్యలో ఒక కనిపించని అక్షరం పెడతారు. యూనికోడ్‌లో దాని సంకేతం 200సి. కొందరు అది పెడతారు, కొందరు మాట విడగొట్టి స్పేస్ పెడతారు. వెతికేటప్పుడు మీరు టైపు చేసినదానికీ ఫైల్లో ఉన్నదానికీ ఆ ఒక్క అక్షరం తేడా ఉంటే 'ఏమీ దొరకలేదు' అని వస్తుంది. నేను ఒకసారి సగం పూట దీనితో తల బద్దలుకొట్టుకున్నాను. ఇప్పుడు తెలుగు మాటలో అలాంటి చోటు ఉంటే మొత్తం మాట వెతకను. 'వెయిట్' అని వెనక ముక్క ఒక్కటే వెతుకుతాను.

తరుగుకు ఎన్ని స్పెల్లింగులు?

మన దగ్గర తయారయ్యే కోడ్‌లో ఇంకో ప్రత్యేకమైన ఇబ్బంది ఉంటుంది. తరుగు, కూలి, మండీ, రైతు: వీటికి ఇంగ్లీషు మాటలు వెతుక్కోకుండా తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేస్తాం. అలా రాయడం తప్పని నేను అనను. 'డిడక్షన్' అంటే ఏది? అడ్వాన్స్ మినహాయింపా, కూలి మినహాయింపా, తరుగా? తరుగు అంటే ర్యాంపులో అందరికీ ఒకటే అర్థం. కానీ ఆరుగురు రాసిన కోడ్‌లో ఒకరు మొదటి అక్షరానికి ఒట్టి టి వాడారు, ఇంకొకరు టి పక్కన హెచ్ పెట్టారు, మూడోవారు మధ్యలోని యు తీసి ఎ పెట్టారు. ఒక స్పెల్లింగుతో వెతికితే మిగతావి దొరకవు. నా ఆ రాత్రి కష్టానికి సగం కారణం ఇదే. చెల్లింపు ఫంక్షన్‌లో హెచ్ ఉన్న స్పెల్లింగు ఉంది.

దీనికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ వాడాలి, అంటే అక్షరాల నమూనా ఇచ్చి వెతకాలి. పేరు విని భయపడొద్దు, మనకు కావాల్సినవి రెండే. వెతికే పెట్టెలో ఆల్ట్+ఆర్ నొక్కితే అది ఆన్ అవుతుంది. అక్షరం తర్వాత ? పెడితే 'ఇది ఉన్నా సరే, లేకున్నా సరే' అని అర్థం. అంటే టి, హెచ్, ? అని వరసగా కొడితే రెండు స్పెల్లింగులూ వస్తాయి. [ ] లోపల రెండు అక్షరాలు పెడితే 'వీటిలో ఏదో ఒకటి'. మధ్య అక్షరం దగ్గర బ్రాకెట్లో యు, ఎ రెండూ పెట్టండి. ఇలా ఒకే వెతుకులాటలో మా కోడ్‌లో మూడు స్పెల్లింగులూ దొరికాయి. అదే పెట్టెలో ఆల్ట్+డబ్ల్యూ నొక్కితే పూర్తి మాటగా ఉన్నవే వస్తాయి, ఆల్ట్+సి నొక్కితే చిన్న, పెద్ద అక్షరాల తేడా పాటిస్తుంది. ఫలితాలు వచ్చాక ఎఫ్4 నొక్కుతూ ఒక్కోదాని దగ్గరికీ వెళ్లొచ్చు.

ఎఫ్12, అది ఆగిపోయే చోటు

ఫంక్షన్ పేరు మీద కర్సర్ పెట్టి ఎఫ్12 నొక్కితే అది రాసి ఉన్న చోటికి వెళ్తుంది. షిఫ్ట్+ఎఫ్12 నొక్కితే దాన్ని ఎవరెవరు వాడుతున్నారో చూపిస్తుంది. ఆల్ట్+ఎఫ్12 అయితే ఉన్న చోటు నుంచి కదలకుండా చిన్న కిటికీలో ఆ కోడ్ చూపిస్తుంది, ఎస్కేప్ కొడితే మూసుకుంటుంది. ఒక్క చూపుతో సరిపోయే సందేహానికి ఈ మూడోదే వాడండి. వెళ్లకపోతే తిరిగి రావాల్సిన పనే లేదు. కొన్ని ల్యాప్‌టాపుల్లో ఎఫ్12 నొక్కితే సౌండ్ పెరగడమో, ఇంకేదో జరుగుతుంది. అప్పుడు ఎఫ్ఎన్ కీ కలిపి నొక్కండి, లేదా కంట్రోల్ పట్టుకుని పేరు మీద క్లిక్ చేయండి.

తెలియని ఫంక్షన్‌ను మార్చే ముందు షిఫ్ట్+ఎఫ్12 నొక్కకుండా ఒక్క అక్షరం కూడా మార్చొద్దని మా ఆఫీసులో నియమం పెట్టాను. దీనిలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. తరుగు తీసిన బరువును ఎక్కడెక్కడ వాడుతున్నారో ముందే చూసి ఉంటే, ఆ చెల్లింపు లెక్క ఎవరో ఒకరి కంటపడేది.

ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం తెలుసుకుంటే ఎప్పుడు నమ్మాలో తెలుస్తుంది. ఎడిటర్‌కు పైథాన్ రాదు. వెనకాల లాంగ్వేజ్ సర్వర్ అని ఇంకో ప్రోగ్రామ్ నడుస్తూ, మన కోడ్ మొత్తం చదివి, ఏ పేరు ఎక్కడిదో లెక్క పెట్టుకుంటుంది. ఎడిటర్ దాన్ని అడుగుతుంది, అది జవాబు చెబుతుంది. ఆ ఇద్దరూ మాట్లాడుకునే పద్ధతిని 2016 జూన్‌లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి ప్రకటించాయి. అందుకే ఇప్పుడు వేర్వేరు భాషలకు, వేర్వేరు ఎడిటర్లలో ఈ సౌకర్యం దొరుకుతోంది.

కానీ ఆ సర్వర్‌కు తెలిసేది కోడ్‌లో పేరుగా ఉన్నదే. కోట్స్ మధ్య ఉన్న అక్షరాలు దానికి ఒట్టి అక్షరాలు. జాంగోలో యుఆర్ఎల్ పేరు కోట్స్‌లో రాస్తాం, హెచ్‌టీఎంఎల్ టెంప్లేట్ (పేజీ నమూనా) పేరు కోట్స్‌లో రాస్తాం, డేటాబేస్‌ను అడగడానికి నేరుగా రాసిన ఎస్‌క్యూఎల్‌లో కాలమ్ పేర్లన్నీ కోట్స్‌లోనే ఉంటాయి. మా చెల్లింపు నివేదిక అలాంటి ఎస్‌క్యూఎల్‌తోనే నడుస్తుంది. షిఫ్ట్+ఎఫ్12 'రెండు చోట్ల వాడుతున్నారు' అని చెబితే, పేరుగా వాడినవి రెండని అర్థం చేసుకోండి. అక్షరాలుగా ఎన్ని ఉన్నాయో కంట్రోల్+షిఫ్ట్+ఎఫ్ చెప్పాలి. రెండూ చూశాకే చేయి పెట్టండి.

ఎప్పుడు మారింది?

"పోయిన వారం బాగానే ఉండె, ఇప్పుడే ఇట్లయింది" అని ఫోన్ వస్తే ఇప్పటి కోడ్ చదవడం కంటే దాని చరిత్ర చదవడం మేలు. టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే కిటికీలో) గిట్ లాగ్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, మైనస్ గుర్తు, దాని పక్కనే పెద్ద ఎస్, ఆ పక్కనే ఖాళీ లేకుండా మీకు కావాల్సిన పేరును కోట్స్‌లో పెట్టండి. ఆ పేరు కొత్తగా చేరిన, లేదా తొలగిపోయిన కమిట్లు మాత్రమే వస్తాయి. చివర స్పేస్ ఇచ్చి మైనస్ గుర్తు, చిన్న పి కూడా కొడితే ఏ లైన్లు మారాయో కూడా కనిపిస్తాయి. ఎస్ తప్పకుండా పెద్దదై ఉండాలి; చిన్న ఎస్‌కు అర్థం వేరు.

తరుగు తప్పు సరిచేసిన మరుసటి రోజు, అదే తప్పును ఈ దారిలో వెతికి చూశాను. చెల్లింపు ఫైల్లోకి హెచ్ ఉన్న పేరు చేరిన కమిట్ పది నిమిషాల్లో దొరికింది. అప్పటినుంచి నోట్‌బుక్ మొదటి పేజీలో ఆ కమాండ్ రాసి పెట్టుకున్నాను.

చరిత్రలోనూ దొరకనప్పుడు, లేదా ఏ ఫంక్షన్ దేన్ని ఎప్పుడు పిలుస్తుందో చదివి తెలుసుకోలేనప్పుడు, ప్రోగ్రామ్‌నే అడగండి. అనుమానం ఉన్న లైను మీద ఎఫ్9 నొక్కి బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రామ్ ఆగాల్సిన గుర్తు) పెట్టి, ఎఫ్5తో నడపండి. అక్కడ ఆగినప్పుడు ఎడమ పక్కన కాల్ స్టాక్ కనిపిస్తుంది: ఎవరు ఎవరిని పిలిస్తే ఇక్కడికి వచ్చామో మొత్తం వరుస. ఒక్కో వరుస మీద క్లిక్ చేస్తే ఆ చోటికే వెళ్తాం. నా వరకు, ఇలా ఆపి చూపించే డీబగ్గర్ తప్పులు పట్టుకోవడానికి ఎంత పనికొస్తుందో, దారి చూసుకోవడానికీ అంతే పనికొస్తుంది.

వేరే ఎడిటర్లు వాడేవాళ్లకు

ఇంటెల్లిజే, పైచార్మ్‌లో షిఫ్ట్ రెండుసార్లు నొక్కితే ఏదైనా వెతకొచ్చు. కంట్రోల్+బి రాసి ఉన్న చోటికి, ఆల్ట్+ఎఫ్7 వాడిన చోట్లకు, కంట్రోల్+ఇ ఈమధ్య తెరిచిన ఫైళ్లకు. వెనక్కి రావడానికి కంట్రోల్+ఆల్ట్+ఎడమ బాణం. పాత ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ ఉన్న కంప్యూటర్లలో ఇదే కీ స్క్రీన్‌ను పక్కకు తిప్పేయొచ్చు. గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో హాట్ కీస్ ఆపేస్తే సరిపోతుంది. విమ్ వాడేవాళ్లకు వెనక్కి కంట్రోల్+ఓ, ముందుకు కంట్రోల్+ఐ. కర్సర్ కింద ఉన్న మాట ఫైల్లో ఇంకెక్కడుందో చూడ్డానికి * ఒక్కటి చాలు.

వేళ్లకు పట్టించడం

షార్ట్‌కట్ల పట్టిక ప్రింటు తీసి గోడకు అంటించినవాళ్లను చాలామందిని చూశాను. వారం తర్వాత ఆ కాగితం వైపు ఎవరూ చూడరు. నేను చెప్పేది వారానికి ఒక్క కీ. మొదటి వారం ఆల్ట్+ఎడమ బాణం. రెండో వారం కంట్రోల్+పి. ఆ వారమంతా (విజువల్ స్టూడియో కోడ్‌లో) కంట్రోల్+బి నొక్కి ఎడమ పక్క ఫోల్డర్ల ప్యానెల్ మూసేసి పనిచేయండి. మొదటి రెండు రోజులు చిరాగ్గా ఉంటుంది, మూడో రోజుకు అలవాటవుతుంది. మూడో వారం షిఫ్ట్+ఎఫ్12. నాలుగో వారం ప్రాజెక్టు మొత్తంలో వెతకడం, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో సహా.

ఈ ఏడాది మేలో చంద్రగిరి నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి మా దగ్గర చేరింది. డిగ్రీ అయిపోయి నెల కూడా కాలేదు. "ఇంత కోడ్ నేనెప్పుడు చదవాలన్నా?" అని మొదటి రోజే టెన్షన్ పడింది. మొత్తం చదవక్కర్లేదమ్మా అని చెప్పి, ఒక కాటా రసీదు ప్రింటు చేతికిచ్చాను. అందులోని ఏదో ఒక మాట తీసుకుని, అది డేటాబేస్‌లో ఏ టేబుల్ నుంచి వస్తుందో కనుక్కుని, దారిలో ఆగిన ప్రతి చోటూ కాగితం మీద రాసి, ఆల్ట్+ఎడమ బాణంతో మళ్లీ మొదలుపెట్టిన లైనుకు రావాలి. అంతే పని. మొదటి రోజు 'వాహనం నంబరు' తీసుకుంది, సాయంత్రమైంది. నాలుగో రోజు 'కూలి' తీసుకుంది, అరగంటలో తిరిగొచ్చింది. జూన్‌లో ర్యాంపుల నుంచి వచ్చే ఫోన్లు కొన్ని తనే ఎత్తి, తనే వెతికి చెప్పింది. మీ దగ్గర కొత్తవాళ్లుంటే ఈ పని పెట్టండి. బిల్లు కావచ్చు, మార్కుల షీటు కావచ్చు, వాడేవాళ్ల చేతికి వెళ్లే కాగితం ఏదైనా సరే.

సీజన్ అయిపోయి ర్యాంపులు మూసేశాక, ఆగస్టులో మేం చేయాల్సిన పని ఒకటి రాసి పెట్టుకున్నాం. తరుగు మూడు స్పెల్లింగులను ఒకటి చేయడం. పేరు మీద ఎఫ్2 నొక్కి కొత్త పేరు ఇస్తే, లాంగ్వేజ్ సర్వర్‌కు తెలిసిన చోట్లన్నీ ఒకేసారి మారతాయి. ఎస్‌క్యూఎల్‌లో, టెంప్లేట్లలో కోట్స్ మధ్య ఉన్నవి మాత్రం చేత్తో మార్చాలి. వాటి జాబితా ఆ అమ్మాయే తీస్తోంది. నిన్నటికి నలభై ఒకటి తేలాయి.